పెరెస్ ప్రాదో "హవానా 3 ఎ.ఎం." ఎల్పీ రికార్డు: పెళ్ళి బ్యాండులో ముప్పై ఏళ్ళు ట్రంపెట్ ఊదినవాడి మాట

2000వ సంవత్సరం, మాఘమాసం పెళ్ళిళ్ళు. తణుకు దగ్గర ఒక ఊళ్ళో ఊరేగింపు బయల్దేరుతుంటే పెళ్ళికొడుకు స్నేహితులు నలుగురు వచ్చి నా చేతిలో క్యాసెట్ పెట్టారు. "మాస్టారూ, ఇది వాయిస్తారా?" అన్నారు. జర్మన్ గాయకుడు లూ బేగా పాడిన "మాంబో నంబర్ 5". అప్పట్లో ఎక్కడ విన్నా అదే. ఆ రాత్రికి కుదరలేదు గానీ మర్నాడు టేప్‌రికార్డర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాట సంగతి అలా ఉంచండి. వెనకాల ట్రంపెట్లన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడి, అంతే వేగంగా వెళ్ళిపోయే ముక్క ఒకటుంది. అది నన్ను పట్టేసింది. తర్వాతి పెళ్ళికల్లా మా ముగ్గురు ట్రంపెట్లకీ వచ్చేసింది. ఆ సీజనంతా వాయించాం.

ఆ ముక్క అసలు ఎవరిదో తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. ఈ రివ్యూ ఆయన రికార్డు మీద.

కిందటి చలికాలం హ్యూస్టన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. వాళ్ళింటికి పావుగంట దూరంలో పాత రికార్డులు అమ్మే కొట్టు ఒకటుంది. నడిపేది మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. మా నాన్న ఇండియాలో పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయించేవారని మా అబ్బాయి చెప్పగానే, ఏం వాయించేవారు అని అడిగారాయన. నాకు స్పానిష్ రాదు. ఆ ట్రంపెట్ ముక్కనే నోటితో అని చూపించాను. ఆయన "పెరెస్ ప్రాదో!" అని గట్టిగా అని, లోపలికెళ్ళి రెండు రికార్డులు పట్టుకొచ్చారు. ఒకటి పేరు మోసిన పాటలన్నీ ఒకచోట వేసినది. రెండోది "హవానా 3 ఎ.ఎం.", ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ వాళ్ళది, 1956. "మొదటిది అందరూ కొంటారు, మీరు ఊదేవారు కాబట్టి ఇది తీసుకెళ్ళండి" అన్నారు.

కొట్లోనే ప్లేయరు మీద పెట్టి వినిపించారు. వినిపిస్తూ కౌంటరు పక్కనుంచి ఇవతలికొచ్చి, చెక్క నేల మీద ఆ సంగీతానికి ఆడే మాంబో డ్యాన్సు అడుగులు వేసి చూపించారు. వాళ్ళమ్మా నాన్నా మెక్సికో సిటీలో డ్యాన్సుహాళ్ళకి వెళ్ళేవారట, వాళ్ళని చూసి నేర్చుకున్నారట. నాలుగు దెబ్బలకి మూడే అడుగులు. ఒక దెబ్బ దగ్గర కాలు ఆగిపోతుంది, ఆ దెబ్బని నడుము తీసుకుంటుంది. ఎనభై దగ్గర పడ్డ మనిషి ఎంత తేలిగ్గా ఆగారో, ఎంత తేలిగ్గా మళ్ళీ కదిలారో ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆ ఆగిన దెబ్బని గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

ఈ రికార్డుకి 8 డాలర్లు, హిట్లదానికి 5 డాలర్లు. రెండూ తీసుకున్నాను.

దామసో పెరెస్ ప్రాదో 1916లో క్యూబాలో మతాన్సాస్ అనే ఊళ్ళో పుట్టారు. నేర్చుకున్నది శాస్త్రీయ పియానో. క్యూబా రాజధాని హవానా వెళ్ళాక క్యాసినో దె లా ప్లాయా అనే ఆర్కెస్ట్రాలో పియానో వాయిస్తూ, ఎవరు ఎప్పుడు ఏం వాయించాలో రాసిపెట్టే పని చేశారు. మాంబో అన్న పేరు ఆయన పుట్టించింది కాదు. 1938లోనే ఒరెస్తెస్ లోపెస్ అనే ఆయన పాతకాలపు క్యూబా డ్యాన్సు పాట అయిన ఒక దాన్సోన్‌కి ఆ పేరు పెట్టారు. దాన్ని పెద్ద ఇత్తడి బ్యాండు మీదికి తెచ్చి ప్రపంచమంతా ఆడేలా చేసింది మాత్రం ప్రాదోనే. అయితే ఆ పని జరిగింది క్యూబాలో కాదు. 1940ల చివర మెక్సికో చేరి, అక్కడ సొంత బ్యాండు పెట్టుకున్నాకే "కే రికో ఎల్ మాంబో", "మాంబో నంబర్ 5" వచ్చాయి. బెనీ మోరే అంతటి గాయకుడు ఆ బ్యాండుతో పాడారు. మెక్సికోలో పాలిటెక్నిక్ విద్యార్థుల పేర ఒక మాంబో, యూనివర్సిటీ వాళ్ళ పేర ఒక మాంబో కట్టారు. పొట్టి మనిషి, చిన్న గడ్డం. జనం ఆయన్ని ముద్దుగా "సీలు మొహం" అనేవారు.

1953లో మెక్సికో నుంచి ఆయన్ని పంపేశారు. మళ్ళీ అక్కడ అడుగు పెట్టింది 1964లో. ఆ మధ్య పదకొండేళ్ళలోనే అమెరికాలో శిఖరానికి ఎక్కారు. 1955లో "చెర్రీ పింక్ అండ్ ఆపిల్ బ్లాసమ్ వైట్" బిల్‌బోర్డ్ హిట్ పాటల పట్టికలో పది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 1958లో "పత్రీసియా" కూడా మొదటి స్థానానికి వెళ్ళింది. రెండేళ్ళకి దాన్నే ఇటలీలో దర్శకుడు ఫెల్లినీ తన "లా దోల్చే వీటా" సినిమాలో వాడుకున్నారు. పేరుకి ఎంత గిరాకీ అంటే, సొంత సోదరుడు పాంతలేయోన్ కూడా యూరప్‌లో పెరెస్ ప్రాదో పేరు మీదే బ్యాండు నడిపితే తగువు కోర్టు దాకా వెళ్ళింది. చివరికి మెక్సికో పౌరుడై, 1989 సెప్టెంబరు 14న మెక్సికో సిటీలోనే కన్నుమూశారు. లూ బేగా పాట ఆయన పోయిన పదేళ్ళకి వచ్చింది. తణుకులో మేం వాయించిన ట్రంపెట్ ముక్క అప్పటికే యాభై ఏళ్ళ నాటిది, పైగా అసలు దానికి మాటలే లేవు.

ఇక రికార్డు.

పేరు హవానా. రికార్డు చేసింది హాలీవుడ్‌లో. రెండు వైపులా కలిపి పన్నెండు పాటలు. అవి ఎక్కడెక్కడివో చూస్తే నాకు ఆశ్చర్యంగా అనిపించింది. "బేసామే మూచో", "గ్రనాదా" మెక్సికోవి. "బాయియా" బ్రెజిల్‌ది. "ఇస్తోరియా దె ఉన్ అమోర్" పనామా ఆయన రాసిన పాట. అచ్చంగా క్యూబావి "లా కొంపార్సా", "ఆల్మెంద్రా", "పీనట్ వెండర్" లాంటివి. వీటి మధ్య "ఫ్రీవే మాంబో" అని ఒకటి. ఇంత ట్రాఫిక్ ఉన్న పేరు హవానా తెల్లవారుజాము మూడింటికి ఎందుకు సరిపోతుంది అనుకున్నాను మొదట. నాలుగుసార్లు విన్నాక అర్థమైంది. ఇది ఊళ్ళో కూర్చున్నవాడు కట్టిన హవానా కాదు. బయటి దేశాల్లో తిరుగుతున్నవాడు రాత్రి ప్రోగ్రాం అయిపోయాక తలుచుకునే హవానా. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఆదివారం పూట వండే గుత్తి వంకాయలో అక్కడి వంకాయ, అక్కడి నూనె ఉంటాయి. వాడికి మాత్రం అది తణుకు కూరే. "గ్రనాదా" రాసిన అగుస్తీన్ లారా కూడా అప్పటికి స్పెయిన్ చూసి ఎరగరట. చూడకుండానే ఒక ఊరిని పాటగా కట్టేశారు.

మొదటి వైపు మొదటి పాట "లా కొంపార్సా". ఎర్నెస్తో లెకువోనా కుర్రవయసులో పియానోకి రాసినది. కార్నివాల్ ఊరేగింపు ఒకటి దూరం నుంచి డోలు చప్పుడుతో దగ్గరికి వచ్చి, మన ముందు నుంచి వెళ్ళి, మళ్ళీ దూరమైపోతుంది, అదీ ఆ పాట. దీని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్ళు ఊరేగింపుల్లో నడిచాను కదా, ఊరేగింపు దగ్గరికి రావడం ఎలా వినబడుతుందో నాకు తెలియదు. మేం ఎప్పుడూ దాని మధ్యలోనే ఉంటాం. మాతోపాటే జనరేటరు బండి, నెత్తిన లైట్లు మోసేవాళ్ళు. వీధి చివర అరుగు మీద కూర్చున్న ముసలమ్మకి ముందు పెద్ద డ్రమ్ము ఒక్కటే వినబడి, తర్వాత తాళాలు, ఆ తర్వాత మా ట్రంపెట్లు వినబడతాయని ఈ పాట విన్నాకే తెలిసింది. మా పెద్ద డ్రమ్ము వాయించే ఆయనతో ఫోన్లో ఈ మాట చెబితే, "అయితే ఇన్నాళ్ళూ ముందు వెళ్ళింది నేనేనన్నమాట" అన్నాడు.

బ్యాండు కట్టుబడి గురించి చెప్పాలి. మా వైపు పెళ్ళి బ్యాండులో పాటని అందరం కలిసే వాయిస్తాం. ట్రంపెట్, క్లారినెట్ ఒకే వరస మీద ఉంటాయి, యుఫోనియం కింద నుంచి మోస్తుంది. ప్రాదో లెక్క వేరు. శాక్సఫోన్లని బాగా కిందికి దించేస్తారు. అవి ఒక చిన్న ముక్కని పట్టుకుని తిప్పిందే తిప్పుతూ ఉంటాయి, తిరగలి తిరిగినట్టు. ట్రంపెట్లని మాత్రం మేడెక్కిస్తారు. ఆ ఎత్తులో పెదవి ఎంతసేపు నిలుస్తుందో ఊదినవాడికే తెలుసు. రెండో పాటకే పెదవి వాచిపోతుంది. వీళ్ళు అక్కడే కాపురం ఉంటారు. కిందా మీదా ఇలా నిండిపోయి, మధ్యలో పెద్ద ఖాళీ గది మిగులుతుంది. ఆ గదిలో కొంగాలు, బొంగోలు అనే చేత్తో వాయించే డోళ్ళు, ఇనప గంట ఆడుకుంటాయి. అందుకే ఇంత పెద్ద బ్యాండు వాయిస్తున్నా డోలు మీద వేలు పడ్డ చప్పుడు కూడా వినబడుతుంది.

ఆ తర్వాత ఉన్నట్టుండి అందరూ ఆగిపోతారు. ఒక్క దెబ్బ నిశ్శబ్దం. అందులో ప్రాదో గొంతు "హుఁ!" అంటుంది. అరుపూ కాదు, మూలుగూ కాదు. నిజానికి ఆయన అనేది "దిలో" అట, అంటే స్పానిష్‌లో చెప్పు అని. బ్యాండుని చెప్పమంటున్నారన్నమాట. మా మాస్టారు కూడా చరణానికి ముందు మా వైపు తిరిగి "ఊఁ, కానీ" అనేవారు. ఆ మాట మా పదిమందికి తప్ప ఎవరికీ వినబడేది కాదు. ప్రాదో దాన్ని మైకు ముందుకు తెచ్చి పాటలో భాగం చేశారు.

అయితే మేం అలా ఎప్పుడూ ఆగలేదు. ఆగనిచ్చేవారు కాదు. నడి వీధిలో బ్యాండు ఒక్క క్షణం ఆగితే పెళ్ళికూతురి తండ్రి వెనక నుంచి పరిగెత్తుకొస్తాడు, "ఏమైంది మాస్టారూ, ఎందుకాపేశారు?" అని. డబ్బిచ్చింది మోతకి, మోత ఆగకూడదు. అందుకని సందు దొరికితే చాలు, సైడు డ్రమ్ముతో నింపేసేవాళ్ళం. ఈ రికార్డు వింటూ కొట్టాయన వేసిన అడుగులు గుర్తు తెచ్చుకున్నాను. కాలు ఆగేది ఆ దెబ్బ దగ్గరే కదా. ఆడేవాడి కాలు ఎక్కడ ఆగుతుందో వాయించేవాడికి తెలిస్తేనే ఇలాంటి పాట పుడుతుంది. యూట్యూబ్‌లో ప్రాదో వాయించే పాత వీడియోలు ఉన్నాయి, తప్పకుండా చూడండి. బ్యాండు ముందు నిలబడి గెంతుతారు, కాలు విసురుతారు, నడుము తిప్పుతారు. జనం కోసం చేసే విన్యాసం అనుకుంటాం. నేను మాత్రం ఆ కాలు చూసి ట్రంపెట్ ఎక్కడ ఆపాలో చెప్పగలను. ఆయన ఒంటితోనే బ్యాండుకి సైగలు చేస్తున్నారు. డ్యాన్సరూ బ్యాండు మాస్టరూ ఒక్క మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో అక్కడ చూశాను.

నచ్చని పాటలు కూడా ఉన్నాయి. "బేసామే మూచో" ప్రేమగా బతిమాలుకునే పాట. ఇక్కడ ఇత్తడి ముందుకు తోసుకొచ్చేసి ఆ బతిమాలుడు మిగల్లేదు. "గ్రనాదా"లోనూ హడావుడి ఎక్కువ, రెండోసారి వినాలనిపించలేదు. "పీనట్ వెండర్" అంటే పల్లీలమ్మేవాడి కేక, క్యూబా నుంచి అంతకు పాతికేళ్ళ ముందే లోకమంతా తిరిగిన పాట. బాగుంది, అంతే. "ఆల్మెంద్రా" మాత్రం వదలకండి. పాత దాన్సోన్, నెమ్మదిగా నడిచే పెద్దింటి డ్యాన్సు. దాన్ని ప్రాదో తన బ్యాండు మీదికి ఎక్కించినా, లోపల ఆ నెమ్మది అలాగే ఉంది. పెళ్ళిలో మంగళస్నానాలప్పుడు సన్నాయి ఇచ్చే తీరుబడి అందులో దొరికింది నాకు.

"చెర్రీ పింక్" ఈ రికార్డులో లేదు. దానికోసం 5 డాలర్ల రికార్డు పెట్టుకోవాలి. ట్రంపెట్ బిల్లీ రెజిస్ ఊదారు. మొదటి స్వరాన్ని పట్టుకుని, నిలబెట్టి, మెల్లగా కిందికి జార్చి, మళ్ళీ పైకి లేపుతారు. మన సంగీతంలో దీన్ని జారు అంటాం. సన్నాయి వాళ్ళకి ఇది పుట్టుకతో వస్తుంది. ట్రంపెట్‌కి కష్టం, మీటలు నొక్కితే స్వరం మెట్లెక్కినట్టు ఎక్కుతుంది గానీ జారదు. మీటని సగం నొక్కి, మిగతాది పెదవి వదులు చేసి రాబట్టాలి. ఇంట్లో ట్రంపెట్ బెల్లుకి మ్యూట్, అంటే చప్పుడు తగ్గించే బిరడా, పెట్టుకుని వారం రోజులు కూర్చున్నాను. కిందికి జారడం నాలుగో రోజుకి వచ్చింది. తిరిగి పైకి లేపడం ఆరో రోజుకి. మా మనవడు తలుపు దగ్గర నిలబడి "తాతయ్యా, ఏనుగు!" అన్నాడు. రెండోసారి ఊదితే "ఏనుగు లేచింది" అన్నాడు. సరిగ్గా విన్నాడు.

కొనాలనుకునేవాళ్ళకి నా కాపీ గురించి రెండు మాటలు. అట్ట అంచు విడిపోయింది, టేపు వేసి ఉంది. మోనో రికార్డు, అంటే స్టీరియోలా రెండు వైపుల నుంచి విడివిడిగా వినబడదు, అయినా ట్రంపెట్లు గదిలో ఉన్నట్టే ఉంటాయి. రెండో వైపు మొదట్లో ఒక గీత, మూడు చుట్లు "టక్, టక్" మంటుంది. మా అబ్బాయి ముందు కొనిచ్చిన సూట్‌కేసు లాంటి చవక ప్లేయరు మీద పై స్వరాలు జీరపోయాయి. రికార్డు పాడైందేమో అని టెన్షన్ పడ్డాను. వాడి స్నేహితుడి ఇంట్లో మంచి సూది ఉన్న ప్లేయరు మీద పెడితే శుభ్రంగా పలికింది. కాబట్టి ట్రంపెట్ గరగరలాడితే రికార్డుని తిట్టకండి, సూది చూడండి. ప్లేయరు లేనివాళ్ళు ఫోన్లోనే వెతికి వినొచ్చు. కాకపోతే ఫోను స్పీకరులో కింద తిరిగే శాక్సఫోన్లు పోతాయి, అవి పోతే సగం పోయినట్టే. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. కొత్తగా వినేవాళ్ళు ముందు హిట్ల రికార్డుతో మొదలుపెట్టండి. వాయించేవాళ్ళు, ముఖ్యంగా ఇత్తడి ఊదే మన బ్యాండు కుర్రాళ్ళు, నేరుగా "లా కొంపార్సా" పెట్టుకోండి.

నేను ఇప్పుడు ఊరేగింపుల్లో వాయించట్లేదు, బ్యాండు మా శిష్యుడు నడుపుతున్నాడు. "మాంబో నంబర్ 5" మాకు వచ్చిందే కదా, దాన్ని మాటల్లేకుండా ప్రాదో పద్ధతిలో వాయించి, నేను చెప్పిన చోట అందరూ ఒక్క దెబ్బ ఆపండి అని ఫోన్లో చెప్పాను. సైడు డ్రమ్ము కుర్రాడు ఊరుకోలేక రెండు రోజులు అక్కడ పుల్ల ఆడించాడట. మూడో రోజుకి చేతులు కట్టుకున్నాడు. కిందటి నెల అత్తిలి దగ్గర ఒక పెళ్ళిలో వాయించారు. ఆగారు. పెద్ద డ్రమ్ము ఆయన "హుఁ" అన్నాడు. పెళ్ళివారు ఎవరూ పరిగెత్తుకు రాలేదు. ముందు ఆడుతున్న పిల్లలందరూ ఉన్నచోట ఉన్నట్టే ఆగి, ట్రంపెట్లు పడగానే ఒక్కసారి గెంతారట. "మళ్ళీ ఆపండి మాస్టారూ" అని అడిగి ఐదుసార్లు వాయించుకున్నారట. వచ్చే పెళ్ళికి రెండు దెబ్బలు ఆపుదామా అని మా శిష్యుడు అడుగుతున్నాడు. వద్దు, ఒక్కటే అన్నాను.